ఏది ఉత్తమ ఆల్బమ్? పీటర్ గేబ్రియల్ అభిమానుల వివాదంపై ఒక పరిశీలన

ఒక కళాకారుని కృతులలో ఏది ఉత్తమమన్న ప్రశ్న విమర్శకు కొత్తది కాదు. నన్నయ ప్రసన్నత గొప్పదా, తిక్కన నాటకీయత గొప్పదా అని తరతరాలుగా వాదించుకున్న సాహిత్యం మనది. ఇటువంటి వాదాలు తుది తీర్పుతో ముగియడం అరుదు. అయితే వాదించేవారు కళ నుంచి ఏమి ఆశిస్తున్నారో, దేనిని విలువగా ఎంచుతున్నారో వాటివల్ల స్పష్టమవుతుంది. ఇంగ్లండుకు చెందిన గాయకుడు, స్వరకర్త పీటర్ గేబ్రియల్ సోలో ఆల్బమ్‌లలో ఏది శ్రేష్ఠమైనదని ఆయన అభిమానుల మధ్య దశాబ్దాలుగా సాగుతున్న వివాదం ఇందుకు మంచి ఉదాహరణ. పాశ్చాత్య రాక్ సంగీతానికి పరిమితమైన విషయంగా కనిపించినా, ఈ వివాదం దక్షిణాసియా సంగీతాన్ని, ఒక విధంగా మన పాలకొల్లునూ స్పృశిస్తుంది.

1960ల చివరలో ఇంగ్లండులో రూపుదిద్దుకొన్న ప్రోగ్రెసివ్ రాక్, మూడు నిమిషాల పాట అనే చట్రాన్ని ఛేదించింది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నుంచి నిర్మాణాన్ని, ఇతిహాస పురాణాల నుంచి కథనాన్ని గ్రహించి దీర్ఘ రచనలను సృష్టించింది. చార్టర్‌హౌస్ పాఠశాల విద్యార్థులు 1967లో నెలకొల్పిన జెనిసిస్ బృందం ఈ ధోరణికి ప్రముఖ ప్రతినిధి. 1972లో వచ్చిన వారి ‘సప్పర్స్ రెడీ’ దాదాపు 23 నిమిషాల రచన. వేదికపై విచిత్ర వేషాలు ధరించి, పాటకూ పాటకూ నడుమ కథలు చెబుతూ గేబ్రియల్ ఆ బృందానికి ముఖమై నిలిచాడు. 1975లో, బృందం కీర్తి విస్తరిస్తున్న దశలోనే, ఆయన దాని నుంచి వైదొలగాడు. డ్రమ్ములు వాయించే ఫిల్ కాలిన్స్ గాయకుని స్థానాన్ని స్వీకరించగా, జెనిసిస్ వాణిజ్యపరంగా మరింత ఎత్తుకు ఎదిగింది. గేబ్రియల్ ఏమి కోరి ఆ బృందాన్ని విడిచాడన్న ప్రశ్నకు అభిమానులు చెప్పుకొనే సమాధానమే, ఉత్తమ ఆల్బమ్ విషయంలో వారి ఎంపికను నిర్ణయిస్తున్నది.

చరిత్ర విద్యార్థిని మొదట ఆకర్షించేది నామకరణం. 1977, 1978, 1980, 1982 సంవత్సరాలలో వెలువడిన తొలి నాలుగు ఆల్బమ్‌లకూ ఆయన ‘పీటర్ గేబ్రియల్’ అన్న ఒకే పేరు ఉంచాడు. పత్రిక సంచికలన్నింటికీ ఒకే పేరు ఉన్నట్లుగా తన ఆల్బమ్‌లు ఉండాలన్నది ఆయన భావన. ఫలితంగా శ్రోతలే గ్రంథాలయ సూచీకర్తల పాత్ర వహించవలసి వచ్చింది. ముఖచిత్రాలను బట్టి మొదటిదానికి ‘కార్’, రెండవదానికి ‘స్క్రాచ్’, మూడవదానికి ‘మెల్ట్’ అని పేర్లు పెట్టుకున్నారు. నాలుగవదానికి అమెరికాలో రికార్డు సంస్థే ‘సెక్యూరిటీ’ అని పేరు తగిలించింది. కళాకారుడు నిరాకరించిన పేర్లను శ్రోతలు కల్పించుకోవడంలోనే, ఈ కృతులపై తమకూ హక్కు ఉన్నదన్న భావం వ్యక్తమవుతున్నది.

మొదటి ఆల్బమ్‌ను అభిమానించేవారు ప్రధానంగా ‘సాల్స్‌బరీ హిల్’ పాట కోసమే అభిమానిస్తారు. బృందాన్ని వీడిన గాయకుని విముక్తిగీతంగా పేరుపొందిన ఈ పాట, మన మిశ్రచాపును తలపించే ఏడు మాత్రల ఆవృత్తిలో ఎక్కడా తడబాటు లేకుండా నడుస్తుంది. అయితే బాబ్ ఎజ్రిన్ నిర్మించిన ఈ ఆల్బమ్‌లో ఒక్కొక్క పాట ఒక్కొక్క దిక్కుకు లాగుతుంది. రాబర్ట్ ఫ్రిప్ నిర్మించిన రెండవది పొడిగా, ముక్కుసూటిగా ఉంటుంది; దానిని అగ్రస్థానంలో నిలిపేవారు స్వల్పం.

అసలైన పోటీ 1980 నాటి మూడవ ఆల్బమ్‌కూ, 1986 నాటి ‘సో’కూ నడుమనే ఉన్నది.

మూడవ ఆల్బమ్ పక్షాన బలమైన వాదనలున్నాయి. నిర్మాత స్టీవ్ లిల్లీవైట్, ధ్వనిముద్రకుడు హ్యూ పాడ్గమ్‌ల తోడ్పాటుతో గేబ్రియల్ ఇందులో రాక్ సంగీతపు అలవాట్లను కొన్నింటిని నిషేధించాడు. డ్రమ్ములతో పాటు సింబల్స్ మోగరాదన్నది వాటిలో ముఖ్యమైనది. ‘ఇంట్రూడర్’ పాటలో ఫిల్ కాలిన్స్ వాయించిన డ్రమ్ముల ధ్వని గదినిండా ప్రతిధ్వనించి, సహజంగా సన్నగిల్లకముందే గొంతు నులిమినట్లు తెగిపోతుంది. ఆ దశాబ్దపు పాశ్చాత్య జనప్రియ సంగీతమంతటా ఈ ధ్వని వ్యాపించింది. కాని ఈ ఆల్బమ్ ఘనత సాంకేతికతకే పరిమితం కాదు. మొదటి పాటలో ఒక ఆగంతకుడు చీకటిలో పరాయి ఇంట ప్రవేశిస్తాడు. తరువాత ఆత్మనిగ్రహం కోల్పోయినవాడు, జ్ఞాపకం తప్పినవాడు, హంతకుడు వరుసగా మాట్లాడతారు. అందరూ తమ తలుపులు తామే మూసుకొన్నవారు. చివరి పాట ‘బికో’, 1977 సెప్టెంబరులో దక్షిణాఫ్రికా పోలీసు నిర్బంధంలో మరణించిన స్టీవ్ బికోకు నివాళి. మూసిన గదుల మీదుగా సాగిన ఆల్బమ్ ఒక బందీ మరణం వద్దకు చేరి, అక్కడ మొదటిసారిగా జనసమూహపు గొంతును వింటుంది. ఇంత పటిష్ఠమైన నిర్మాణం ఆయన మరే ఆల్బమ్‌లోనూ లేదు. దీనిని అమెరికాలో విడుదల చేయడానికి అట్లాంటిక్ సంస్థ నిరాకరించగా మెర్క్యురీ సంస్థ విడుదల చేసింది. బ్రిటన్‌లో ఇది విక్రయాల పట్టికలో ప్రథమస్థానం పొందింది.

‘సో’ పక్షంవారు ప్రసాదగుణాన్ని ప్రమాణంగా స్వీకరిస్తారు. డేనియల్ లాన్వాతో కలిసి నిర్మించిన ఈ ఆల్బమ్‌లో గేబ్రియల్ ముసుగు తీసి, తన మొహంతో, తన గొంతుతో నిలబడ్డాడని వారి వాదం. ‘స్లెడ్జ్‌హామర్’ పాట 1986 జులైలో అమెరికా పట్టికలో ప్రథమస్థానానికి చేరినప్పుడు, అది పదవీచ్యుతం చేసినది జెనిసిస్ వారి ‘ఇన్‌విజిబుల్ టచ్’నే కావడం చరిత్ర చేసిన చమత్కారం. పాత అభిమానులలో కొందరు దీనిని బజారుకు లొంగుబాటుగా నిరసిస్తారు. ఇది న్యాయమైన విమర్శ కాదు. కేట్ బుష్‌తో కలిసి పాడిన ‘డోంట్ గివ్ అప్’ నిరుద్యోగి అవమానాన్ని వస్తువుగా స్వీకరించింది. ‘మెర్సీ స్ట్రీట్’ కవయిత్రి ఆన్ సెక్స్‌టన్ జీవితవేదనకు ప్రతిస్పందన. జనప్రియత లభించినంత మాత్రాన గాంభీర్యం లోపించినట్లు కాదని ఈ రెండు పాటలూ నిరూపిస్తాయి. కాని ‘సో’లో మంచి పాటలు ప్రక్కప్రక్కన కూర్చున్నాయేగాని, ఒకదానినొకటి నడిపించవు. ఈ కొలత ప్రకారం మూడవ ఆల్బమ్‌దే పైచేయి.

1992లో వచ్చిన ‘అస్’, 2002లో వచ్చిన ‘అప్’ ఆల్బమ్‌లకు పరిమితమైన, దృఢమైన అభిమానవర్గం ఉన్నది. మొదటిది విడిపోయిన దాంపత్యాన్ని, రెండవది మరణాన్ని ధ్యానిస్తాయి. 21 సంవత్సరాల విరామం తరువాత 2023లో వెలువడిన ‘ఐ/ఓ’ పాటలు ప్రతి పౌర్ణమికీ ఒకటిగా విడుదలయ్యాయి. వార్ధక్యంలోనూ గొంతు నిలిచిన తీరుకు అది సాక్ష్యం.

ఈ వాదోపవాదాలలో సాధారణంగా లెక్కకు రాని ఆల్బమ్ ఒకటి ఉన్నది. 1989 నాటి ‘ప్యాషన్’ అది. మార్టిన్ స్కోర్సెసీ దర్శకత్వంలో 1988లో వచ్చిన ‘ద లాస్ట్ టెంప్టేషన్ ఆఫ్ క్రైస్ట్’ చిత్రానికి సమకూర్చిన సంగీతానికి పరిష్కృత రూపమిది. చిత్రసంగీతమనీ, ఇందులో గేబ్రియల్ పాడిన పాటలంటూ లేవనీ అభిమానులు దీనిని పోటీనుంచి తప్పిస్తారు. గాయకుని ఉత్తమ కృతిలో గాయకుడు ఉండాలి కదా అన్న తర్కం సహజమే. కాని ఆయన సోలో జీవితాన్ని కాలక్రమంలో పరిశీలిస్తే, ఆ తర్కం ముఖ్యమైన విషయాన్నే విస్మరిస్తున్నదని తోస్తుంది.

ఆయన ఆల్బమ్‌లలో ఇతర సంస్కృతుల గొంతుకు దక్కిన స్థానాన్ని గమనించండి. 1980లో ‘బికో’ పాట ఆదిలోనూ అంతంలోనూ, బికో అంత్యక్రియలలో వినిపించిన శోకగీతాల ముద్రణలున్నాయి. ఆ గొంతులు పాటకు అంచులు మాత్రమే; అవి ఎవరివో శ్రోతకు తెలియదు. 1982 నాటి ‘ద రిథమ్ ఆఫ్ ద హీట్’లో ఘనా సంప్రదాయపు వాద్యబృందం ఎకోమే, పాట ముగింపులో ప్రవేశించి గాయకుని ముంచెత్తుతుంది. 1986లో ‘ఇన్ యువర్ ఐస్’ చివరి భాగంలో సెనెగల్ గాయకుడు యూసూ ఎన్‌డూర్ తన వొలోఫ్ భాషలో పాడి పాటను ఎత్తుకు చేరుస్తాడు. అంచు నుంచి అంతం వరకు వచ్చిన ఆ గొంతు, ‘ప్యాషన్’లో కేంద్రానికి చేరింది. శీర్షిక రచనలో వినిపించే ప్రధాన స్వరం పాకిస్తాన్ ఖవ్వాలీ విద్వాంసుడు నస్రత్ ఫతే అలీఖాన్‌ది. ‘శక్తి’ బృందం ద్వారా ప్రసిద్ధుడైన వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్ జంట వయొలిన్, ఆర్మీనియా దుదుక్, ఈజిప్టు తాళవాద్యాలు ఇందులో అలంకారాలుగా లేవు. సంగీతపు ఎముకల గూడే అవి. గేబ్రియల్ గొంతు పదాలు లేని ఆలాపనగా అక్కడక్కడ వాటితో కలుస్తుంది. తక్కువ పాడడం నేర్చుకొన్న గాయకుని వినికిడి ఇందులో వ్యక్తమవుతున్నది.

అంతకంటె విలువైనది దీనికి తోడుగా అదే సంవత్సరం వెలువడిన ‘ప్యాషన్ – సోర్సెస్’. ‘ప్యాషన్’కు మూలమైన, ప్రేరణ నిచ్చిన సంప్రదాయ సంగీతాన్ని ఆయా కళాకారుల పేర్లతోనే ఈ రెండవ ఆల్బమ్ అందించింది. ‘ప్యాషన్’ తొలి రచనకు ఆధారమైన ఆర్మీనియా స్వరరచనను శ్రోత ఇందులో విడిగా విని, గేబ్రియల్ దేనిని గ్రహించాడో, దేనిని చేర్చాడో స్వయంగా బేరీజు వేయవచ్చు. ఆధారాలను పాఠకుని ముందుంచడం చరిత్రకారుని ప్రాథమిక ధర్మం. సంగీతంలో ఈ ధర్మాన్ని ఇంత నిజాయితీగా పాటించిన సందర్భాలు అరుదు.

దీనికి ప్రతివాదం లేకపోలేదు. గేబ్రియల్ ప్రేరణతో ఆరంభమైన వోమాడ్ ఉత్సవం, 1989లో ఆయన స్థాపించిన రియల్ వరల్డ్ సంస్థ, ఎంత సదుద్దేశంతో పనిచేసినా, ప్రపంచ సంగీతాలను పాశ్చాత్య విపణికి తరలించే మార్గాలేనన్న విమర్శ ఉన్నది. 1987లో లండన్‌లో కొందరు రికార్డు వ్యాపారులు సమావేశమై, అమ్మకాల సౌలభ్యం కోసం ‘వరల్డ్ మ్యూజిక్’ అన్న పేరును ఎంచుకున్నారు. ఆ ఒక్క పేరు కింద ఖవ్వాలీ, కర్ణాటక సంగీతం, ఆఫ్రికా వాద్యాలు ఒకే అరలోకి చేరాయి. ఈ విమర్శలో సత్యముంది. అయితే ఆ అరలో ఏమి జరిగిందో కూడా చూడాలి. పాలకొల్లులో జన్మించిన మాండొలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్ ఆల్బమ్ ‘రామ శ్రీరామ’ను రియల్ వరల్డ్ సంస్థ 1994లో విడుదల చేసింది. మరుసటి ఏడు, కెనడా గిటార్ కళాకారుడు మైకేల్ బ్రూక్‌తో శ్రీనివాస్ చేసిన ‘డ్రీమ్’ను వెలువరించింది. మొదటిది కర్ణాటక సంగీతాన్ని దాని పద్ధతిలోనే వినిపించగా, రెండవది సమ్మేళనానికి పూనుకొన్నది. మూలమూ సమ్మేళనమూ విడివిడిగా అందుబాటులో ఉన్నందున, రెండవదానిలో గమకం ఎక్కడ నిలిచిందో, ఎక్కడ పలుచనైందో రసికుడు తేల్చుకోగలడు. ‘ప్యాషన్’, ‘సోర్సెస్’ల జంట చూపిన దారి ఇదే.

వోమాడ్ చరిత్రలోని ఒక ఘట్టం అభిమానుల వివాదానికి నేరుగా సంబంధించినది. 1982 జులైలో షెప్టన్ మాలెట్‌లో జరిగిన తొలి ఉత్సవం భారీ నష్టాన్ని మిగిల్చింది. ఆ ఋణభారం తీర్చడానికి, అదే సంవత్సరం అక్టోబరు 2న మిల్టన్ కీన్స్‌లో జెనిసిస్ పాత సభ్యులు గేబ్రియల్‌తో కలిసి ఒక కచేరీ చేశారు. పాత పాటల కోసం టిక్కెట్లు కొన్న ప్రోగ్రెసివ్ రాక్ అభిమానులే కొత్త ఉత్సవాన్ని నిలబెట్టారు. ఆ వేదికకే 1985లో నస్రత్ వచ్చాడు. అందువల్ల ‘ప్యాషన్’ను పోటీ నుంచి తప్పించే అభిమానులు, తాము పోషించిన వృక్షఫలాన్నే కాదంటున్నారు.

గీతరచన, నిర్మాణం, గాత్రం ప్రమాణాలైతే మూడవ ఆల్బమ్‌కు సాటి లేదని ఈ వ్యాసకర్త కూడ అంగీకరిస్తాడు. కాని ‘బికో’తో ఆరంభమైన ప్రశ్నకు, అనగా ఇతరుల గొంతును మన పాటలోకి ఏ అర్హతతో ఆహ్వానించాలన్న ప్రశ్నకు, మూడవ ఆల్బమ్ వద్ద సమాధానం లేదు. తొమ్మిదేళ్ళ తరువాత ‘ప్యాషన్’ సమాధానమిచ్చింది: వారి పేరుతో, వారి స్థానం వారికి ఉంచి, మూలాన్ని శ్రోతకు అందుబాటులో పెట్టి. ఈ కారణంచేత ఆయన సోలో కృతులలో అగ్రస్థానం దానికే చెందుతుందని మా అభిప్రాయం.

సాంస్కృతిక వినిమయం పేరిట జానపద, గిరిజన కళారూపాలను ఉత్సవ వేదికలకు, ధ్వనిముద్రణలకు తరలించే బాధ్యత ఈనాడు మన దేశంలో అనేక సంస్థలపై ఉన్నది. సమ్మేళన కార్యక్రమం ఏర్పాటు చేసిన ప్రతిసారీ, దాని ప్రక్కన మూల కళాకారుని సంపూర్ణ ప్రదర్శన, అతని పేరుతో, అతని ఊరి పేరుతో భద్రపరచబడుతున్నదా అన్న ప్రశ్న వేసుకొనడం అవసరం. ఉత్తమ ఆల్బమ్ ఏదని వాదించుకొనే అభిమానులకు ఈ ప్రశ్న దూరమైనదిగా తోచవచ్చు; వినోదానికై పెట్టుకొన్న ఆ వాదం నుంచి ఈ పాటి పాఠాన్ని గ్రహించడం పాలనారంగంలోనివారికి మాత్రం నిష్ప్రయోజనం కాదు.