మస్సా ప్రశ్న: శ్రమకాలములో బ్రదర్ లారెన్స్ గ్రంథ పఠనము

భస్మ బుధవారము మొదలుకొని ఈస్టరు వరకు, ఆదివారములను మినహాయించి నలువది దినములను సంఘము శ్రమకాలముగా ఆచరిస్తున్నది. ఎడతెగక దేవుని సన్నిధిని జ్ఞాపకము చేసికొనుట ఈ దినములలో తరచుగా వినిపించే ప్రసంగాంశము. ఆ అంశమునకు ఆధారముగా అనేకులు బ్రదర్ లారెన్స్ పేరిట ప్రచారములో ఉన్న, దైవసన్నిధి అభ్యాసమును గూర్చిన చిన్న గ్రంథమును ఎన్నుకొంటారు. సన్నిధిని అనుభూతిగా రాబట్టుకొనే పద్ధతిగా దీనిని బోధిస్తే లారెన్స్‌కూ, శ్రమకాలమునకూ అన్యాయము జరుగుతుందని మా అభిప్రాయము.

మొదట గ్రంథ స్వభావమును గమనించాలి. లారెన్స్ అసలు పేరు నికొలస్ హెర్మన్, లొరేన్ ప్రాంతీయుడు. సైనికుడుగా గాయపడి కుంటివాడైన ఆయన పారిస్‌లోని కార్మేలు మఠములో చేరి, గురుపట్టము పొందని సహోదరునిగా మొదట వంటశాలలోను, తరువాత చెప్పులు బాగుచేసే పనిలోను జీవించాడు. 1691లో మరణించాడు. ఆయన మాటలను, ఉత్తరములను జోసెఫ్ ద బొఫోర్ అనే గురువు 1692, 1694 సంవత్సరములలో ప్రచురించాడు. కాబట్టి మన చేతిలో ఉన్నది ఆయనను అభిమానించిన మరొకరు ఏర్చి కూర్చిన సంపుటి.

దీని బలము స్పష్టమే. ప్రార్థన వేళకూ పనివేళకూ మధ్య మనము కట్టిన గోడను ఇది పడగొడుతుంది. వంటపని లారెన్స్‌కు స్వభావసిద్ధముగా ఇష్టము లేనిది. మఠము కొరకు ద్రాక్షారసము కొనుటకు బర్గండీకి వెళ్లినప్పుడు, కుంటికాలితో నడవలేక పడవలో పీపాల మీదుగా దొర్లుతూ కదిలానని ఆయనే చెప్పుకొన్నాడు. అక్కడ కూడ ఇది దేవుని పనియే అనుకొన్నాడు. మన సంఘములలో ఉపవాస కూటము జరుగుతుండగా వెనుక ప్రేమవిందుకు వండుచున్న సహోదరీలకు ఈ మాట నిజమైన ఆదరణ. అయితే లారెన్స్ విధేయతా ప్రమాణము చేసి ఆ పనిని అంగీకరించినవాడు. పొయ్యి దగ్గర కూడ దేవుడున్నాడని వారికి చెప్పి, గరిటె మాత్రము వారి చేతిలోనే ఉంచితే, యెషయా 58వ అధ్యాయము ఖండించిన ఉపవాసమునకు మనము దగ్గరవుతాము.

ఇంతకంటె పెద్ద ప్రమాదము మరొకటి ఉన్నది. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి, దేవుడు నాకు దూరమయ్యాడని కాపరితో చెప్పిందనుకొందాము. సన్నిధిని ఇంకా అభ్యసించమ్మా అని కాపరి జవాబిస్తే, ఆమె దుఃఖమునకు ఆమెనే దోషిని చేసినట్లవుతుంది. ఇక్కడ లూకా 4:9-12 మనకు దారి చూపుతుంది. దేవుని కాపుదలను గూర్చిన 91వ కీర్తనను అపవాది దేవాలయ శిఖరము మీద ఉదహరించి, దానికి రుజువు అడుగుమన్నాడు. ప్రభువు ద్వితీయోపదేశకాండము 6:16తో ఉత్తరమిచ్చాడు. ఆ వచనము మస్సాను జ్ఞాపకము చేస్తున్నది. యెహోవా మన మధ్య ఉన్నాడా లేడా అని ఇశ్రాయేలీయులు శోధించిన స్థలమది (నిర్గమ 17:7). ప్రభువు నిరాకరించినది సరిగ్గా ఆ రుజువునే. హృదయములో వెచ్చదనము కలిగితేనే దేవుడున్నాడని నమ్మడము మస్సా ప్రశ్నకు భక్తి వేషము వేయడమే.

లారెన్స్‌ను పూర్తిగా చదివినవారికి ఇది కొత్త సంగతి కాదు. తాను నశించుట నిశ్చయమని నమ్మి నాలుగేండ్లు మనోవేదన అనుభవించానని ఆయన చెప్పాడు. మొదటి పదేండ్లు ఎంతో శ్రమపడ్డానని ఒక ఉత్తరములో వ్రాశాడు. ఆ కాలమంతటిలో ఆయన పట్టుకొన్న తీర్మానము, నశించినా రక్షింపబడినా దేవుని ప్రేమ కొరకే చేయుదునన్నది. తరువాత కలిగిన ప్రశాంతతను మాత్రమే ఎత్తి చూపే ప్రసంగము ఆ ఏండ్లను దాచివేస్తుంది.

గ్రంథములో లోపము కూడ ఉన్నది. ఏకాంత ఆత్మకూ దేవునికీ మధ్య సంభాషణకు ఇచ్చిన స్థలము, కూడి విలపించే సంఘమునకు ఇందులో దొరకదు. సిలువ మీది కేకకు (మార్కు 15:34) కూడ తగిన చోటు లేదు. ఆ కేక 22వ కీర్తనలోనిది. విడువబడ్డానని చెప్పే నోరే దేవునిని తన దేవుడని పిలుస్తున్నది. అనుభూతి పూర్తిగా తొలగిన ఘడియలో కూడ సంబోధన నిలిచి ఉన్నది. శ్రమకాలములో సంఘము నేర్చుకోవలసిన జ్ఞాపకము ఇదే.

కావున వేదాంత విద్యార్థులకు, కాపరులకు మా సూచన ఇది. ఈ గ్రంథమును శ్రమకాలములో వాడండి. అయితే మొదటి వారములో లూకా 4వ అధ్యాయముతో, పరిశుద్ధ వారములో 22వ కీర్తనతో కలిపి చదివించండి. వంటశాల మాటలకు ముందు ఆ నాలుగేండ్ల సంగతి చెప్పండి. అప్పుడు పైన చెప్పిన తల్లి, తనకు ఏమీ అనిపించని రోజున కూడ దేవుని పేరు పెట్టి పిలువవచ్చునని తెలుసుకొంటుంది. ఆమెకు మాట రాని దినమున ఆమె పక్షముగా పిలుచుట సంఘము పని.