ఎదురుకోలు లేని రాక : లాక్‌డౌన్ కాలపు తిరుగుప్రయాణ రచనలపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం

2020 లాక్‌డౌన్ కాలంలో వెలువడిన తెలుగు రచనలు స్వస్థలానికి తిరిగిరావడాన్ని ప్రధానంగా దారి కథగా చిత్రించాయి. ఊరి పొలిమేర దగ్గర జరిగినదానికి వాటిలో దక్కిన చోటు తక్కువ. తెలుగువారి ఆచారంలో, కథల్లో తిరిగిరావడం అనేది వచ్చినవాడితో పాటు ఎదుర్కొనేవాడు కూడా చేసే పని. ఆ ‘ఎదురుకోలు’ భావనను సిద్దిపేట జిల్లా చంద్లాపూర్‌లో అదే కాలంలో జరిగిన ఒక సంఘటన పక్కన పెట్టి, లాక్‌డౌన్ రచనల బలాన్ని, పరిమితిని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: తిరుగుప్రయాణం, వలస, పొలిమేర, ఎదురుకోలు, కోరంటి, చంద్లాపూర్.

నీటికి దక్కిన ఎదురుకోలు

సిద్దిపేట జిల్లా చిన్నకోడూరు మండలంలోని చంద్లాపూర్ 2020 ఏప్రిల్ 24న వార్తల్లోకి ఎక్కింది. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో భాగంగా ఆ ఊరి దగ్గర నిర్మించిన 3 టీఎంసీల రంగనాయక సాగర్‌లోకి ఆ రోజు గోదావరి జలాలు వచ్చాయి. అప్పటి మంత్రులు కె. తారక రామారావు, టి. హరీశ్ రావు పూజలు చేసి మోటార్లను ప్రారంభించారు. మేడిగడ్డ దగ్గర బయలుదేరిన నీరు మధ్యమానేరు, అనంతగిరి జలాశయాలను దాటి, సొరంగం గుండా ఈ మెట్టనేలకు చేరింది. చెరువులు ఎండి, బావులు అడుగంటి తరాల తరబడి జనం బతుకుదెరువుకు ఊరు విడిచిన ప్రాంతమిది.

ఆ రోజుకు తెలంగాణలో లాక్‌డౌన్ మొదలై నెల దాటింది. దానిని మే 7 వరకు పొడిగిస్తున్నట్లు ముఖ్యమంత్రి అంతకు ఐదు రోజుల ముందే ప్రకటించారు. బస్సులు లేవు, రైళ్లు లేవు. నీళ్లు జిల్లాలు దాటి వచ్చాయి. ఆ నీళ్లు లేకనే ఊళ్లు విడిచినవారు భీవండి మరమగ్గాల షెడ్లలో, ముంబైలో, సూరత్‌లో, గల్ఫ్ దేశాల ఇరుకు గదుల్లో ఆగిపోయారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడం ప్రాజెక్టు మీద తీర్పు చెప్పడానికి కాదు. పొలిమేర దాటి వచ్చేదానికి ఎదురేగి, మొక్కి, లోపలికి తోడ్కొని రావడం ఈ నేలకు తెలిసిన ఆచారం. ఆ వేసవిలో అది నీటి విషయంలో నిలిచింది, మనుషుల విషయంలో ఆగిపోయింది. లాక్‌డౌన్ రచన ఈ ఆగిపోవడాన్ని ఎంతవరకు పట్టుకోగలిగిందన్నదే ఇక్కడి ప్రశ్న.

దారిని రాసిన కవిత్వం

2020 ఏప్రిల్, మే నెలల్లో పత్రికల్లోను, అంతర్జాలంలోను విరివిగా వచ్చిన కవితల్లో ఎక్కువభాగం కాలినడకను రాశాయి. బొబ్బలెక్కిన పాదాలు, కరుగుతున్న తారు, చంకలో బిడ్డ, నెత్తిన మూట పదేపదే కనిపిస్తాయి. మే 8న ఔరంగాబాద్ సమీపంలో రైలు పట్టాల మీద నిద్రించిన 16 మంది కూలీలు గూడ్సు బండి కింద నలిగిపోయాక, పట్టాల మీద చెదిరిన రొట్టెలు మరొక ప్రతీకగా చేరాయి. ఈ కవితల నిజాయితీని శంకించనక్కరలేదు. లోటు కవి నిలబడిన చోట ఉంది. చూసేవాడు రోడ్డు పక్కన, చాలాసార్లు టీవీ తెర ముందు నిలబడ్డాడు. నడిచేవాడు చూపు దాటగానే కవిత ముగుస్తుంది. అతడు చేరాడా, చేరితే తలుపు తీసిందెవరు అన్న ప్రశ్న పుట్టదు.

ఇది తెలుగుకే పరిమితమైన ధోరణి కాదు. ఘాజియాబాద్ నుంచి బీహార్‌లోని సహర్సాకు సైకిళ్ల మీద బయలుదేరిన ఏడుగురు కూలీల వెంట సాగి వినోద్ కాప్రి తీసిన డాక్యుమెంటరీ పేరే ‘1232 కిలోమీటర్లు’. దూరమే శీర్షిక అయింది.

తెలుగులో ఈ ధోరణికి పక్కగా నిలిచింది ఆదేశ్ రవి పాడిన వలసకూలీ పాట. అందులోని గొంతు దారి మీద లేదు, ఎటూ కదలలేని చోట ఉంది. ఇంటి దగ్గర పిల్లలు, ముసలితల్లి ఎట్లా ఉన్నారో అన్న ఆరాటమే దాని సారం. చూసేవాడి జాలికి బదులు ఆగిపోయినవాడి బెంగను తెలంగాణ పలుకుబడిలో వినిపించడం వల్లనే ఆ పాట అంత వేగంగా జనంలోకి వెళ్లింది. సాహిత్య చరిత్రలో దీని బంధువులు సందేశకావ్యాలు. కాళిదాసు యక్షుడికి పడిన శిక్ష కూడా ప్రయాణ నిషేధమే. ఏడాదిపాటు అతడు అలకాపురికి తిరిగి వెళ్లరాదు. అతడు ఆగిన రామగిరి నాగపూర్ దగ్గరి రామటేక్ అని పలువురు పండితుల అభిప్రాయం. హైదరాబాదు నుంచి ఉత్తరాదికి కూలీలు నడిచిన జాతీయ రహదారి ఆ రామటేక్‌కు కొద్ది దూరంలోనే సాగుతుంది.

అయితే సందేశకావ్యానికి ఒక సౌలభ్యం ఉంది. అందులోని మనిషి ఇల్లు చేరడు, కాబట్టి ఇంటిని ఊహలో ఏ మచ్చా లేకుండా నిలుపుకోగలడు. ఆదేశ్ రవి పాటకు దక్కిన బలం, పరిమితి రెండూ అక్కడివే.

వలస, కోరంటి, నిర్బంధం

తెలంగాణ ఉద్యమకాలంలో సభల్లో మారుమోగిన ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అనే నుడికారాన్ని ఒకసారి విడదీసి చూడాలి. తెలంగాణలో బాయి అంటే బావి. సింగరేణి గని, మహానగరం, ఎడారి దేశం మూడూ ఆ ప్రాసలో మూడు బావులయ్యాయి. పొలంలోని బావి ఎండిపోయినవాడు మరో బావిలోకి దిగుతున్నాడన్న వ్యంగ్యం అందులో దాగి ఉంది. పోవడానికి ఇంత గట్టి మాట కట్టుకున్న సమాజం, ఆ పోయినవాడు రావడానికి అలాంటి మాట కట్టుకోలేదు. ‘బతుకపోవుడు’ ఉంది, దానికి జోడు లేదు.

ఈ వెలితి 2020 మేలో అధికార భాషలో బయటపడింది. రాష్ట్ర ఆరోగ్యశాఖ రోజువారీ బులెటిన్లు ముంబై తదితర ప్రాంతాల నుంచి తిరిగివచ్చినవారి కేసులను ‘వలసదారులు’ అన్న ప్రత్యేక పద్దు కింద చూపాయి. వైద్యపరంగా ఆ విభజనకు కారణముంది, వ్యాధి ఎక్కడ సోకిందో తెలియాలి. భాషాపరంగా మాత్రం ఒక తలకిందుల జరిగింది. ఊరు విడిచినప్పుడు అంటిన పేరు ఊరికి వచ్చినప్పుడు కూడా వదలలేదు. సొంత జిల్లాలో అడుగుపెట్టినవాడు ఆ జిల్లా లెక్కలో చేరలేదు. ‘వలస కూలీలు ఇళ్లకు చేరారు’ అని రాసిన కవులు, విలేఖరులు కూడా ఇదే వాడుకను ప్రశ్నించకుండా స్వీకరించారు. ఇంటికి చేరినవాడు ఇంకా వలస కూలీ ఎట్లా అవుతాడు?

మరో మాట ముచ్చట. హైదరాబాదు నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రిని జనం ‘కోరంటి దవాఖాన’ అంటారు. క్వారంటైన్ అనే మాట నిజాం కాలంలోనే తెలంగాణ నాలుక మీద అరిగి కోరంటి అయింది. అంత పాత మాట చేతిలో ఉండగా, 2020లో పత్రికలు ‘స్వీయ నిర్బంధం’, ‘గృహ నిర్బంధం’ అని కొత్తగా వాడాయి. రాజకీయ నాయకులను ఇల్లు కదలనివ్వనప్పుడు వాడే మాట రెండోది. కోరంటిలో దవాఖాన వినబడుతుంది, నిర్బంధంలో పోలీసు ఠాణా వినబడుతుంది. కవులు రెండోదాన్నే ఎత్తుకోవడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. 14 రోజుల ఏకాంతాన్ని వారు రాజ్యం చేసిన పనిగానే చూశారు. అందులో ఊరి పాత్ర వారి కంట పడలేదు.

ఎదుర్కొని తెచ్చుకోవడం

వ్యాధి కాలంలో సొంత నగరానికి తిరిగిరావడం గురించి తెలంగాణకు బాగా తెలిసిన కథ సికింద్రాబాదు ఉజ్జయినీ మహాకాళి ఆలయ ఐతిహ్యం. 1813లో మహమ్మారి ప్రబలినప్పుడు సైనిక విధుల మీద ఉజ్జయినిలో ఉన్న సూరిటి అప్పయ్య, వ్యాధి తగ్గితే అమ్మవారిని తన ఊళ్లో నిలుపుతానని మొక్కుకున్నాడు. 1815లో తిరిగివచ్చి ప్రతిష్ఠించాడు. ఐతిహ్యాన్ని చరిత్రగా తీసుకోవలసిన పనిలేదు, దాని నిర్మాణం చాలు. తిరిగివచ్చినవాడు రోగాన్ని తెస్తాడన్న భయం ఉన్నచోట, ఈ కథ అతడి చేతికి రోగం తగ్గించే తల్లిని ఇచ్చింది. బోనాల ఉత్సవంలో ఘటాన్ని ఎదుర్కొని ఊరేగింపుగా తెచ్చే ఘట్టాన్ని నేటికీ ఎదురుకోలు అనే పిలుస్తారు. పెళ్లిలో మగపెళ్లివారిని ఎదుర్కోవడానికీ అదే పేరు. 2020 ఆషాఢంలో బోనాలను ఇళ్లకే పరిమితం చేయవలసి వచ్చింది. మహమ్మారి నుంచి పుట్టిందని చెప్పుకునే పండుగ మహమ్మారి వల్లనే వీధిలోకి రాలేకపోయింది.

కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమన్న సామెత రైలుకు ముందరి కాలానిది. అందుకే వచ్చినవాడు కాశీ సమారాధన చేసి, ఊరికి అన్నం పెట్టి మళ్లీ ఊరివాడయ్యేవాడు. వాల్మీకి రాముడు సైతం 14 ఏళ్లు గడిచాక నేరుగా అయోధ్యకు రాలేదు. భరద్వాజాశ్రమం దగ్గర ఆగి, తన రాక విన్నప్పుడు భరతుడి ముఖకవళికలు ఎట్లా మారతాయో చూసి రమ్మని హనుమంతుణ్ణి ముందుగా పంపాడు. రాజ్యం తనదే, ఊరు తనదే. అయినా ఎదుర్కొనేవాడి మనసు తెలియకుండా పొలిమేర దాటడానికి వెనుకాడాడు. లాక్‌డౌన్ కవితల్లో రాముడి వనవాసంతో పోలికలు కొల్లలు. ఈ ఆగిన క్షణంతో పోలిక తేగలిగితే అవి ఇంకెంత పదునెక్కేవి!

తిరిగిరావడానికి మాట లేదన్న పై వాదానికి ఒక ముఖ్యమైన మినహాయింపు బతుకమ్మ. తల్లిగారింటికి రావడం అనే అనుభవం చుట్టూ అల్లుకున్న పండుగ అది. అన్నో తమ్ముడో పోయి తోలుకొని వస్తాడు, వాకిట్లో కాళ్లకు నీళ్లిస్తారు. అంటే తిరిగిరావడం తెలుగుకు తెలియనిది కాదు, పిలుపు మీద జరిగేదిగా తెలుసు. ఆడబిడ్డకు ఆ పిలుపు ఏటేటా వస్తుంది. బతుకపోయిన మగవాడికి పిలుపు అక్కరలేదని, ఊరు ఎప్పుడూ అతడిదేనని సమాజం నమ్మింది. పిలవకుండా వచ్చినవాడిని ఏ మాటతో లోపలికి తీసుకోవాలో 2020 వసంతంలో ఊరికి తోచలేదు.

పొలిమేర మీద కంప

ఆ మార్చి చివరి వారంలో రెండు తెలుగు రాష్ట్రాల్లోను అనేక గ్రామాలు తమ దారులకు అడ్డంగా ముళ్లకంపలు, రాళ్లు, నరికిన కొమ్మలు వేసుకున్నాయి. మీ ఊరికి మేం రాము, మా ఊరికి మీరు రావద్దన్న అర్థంతో పలకలు వెలిశాయి. కంప వేసింది ప్రభుత్వం కాదు, తీయమని అధికారులే చెప్పవలసి వచ్చింది. ఆ పలక మీద ఊళ్లు రెండే, మాది, మీది. భీవండిలో ఇరవై ఏళ్లుండి వచ్చినవాడు ఈ రెండింటిలో దేనికి చెందుతాడో ఆ పలక చెప్పదు. రాష్ట్ర సరిహద్దులోనూ ఇదే జరిగింది. హైదరాబాదులో వసతిగృహాలు ఖాళీ చేయించడంతో పోలీసుల అనుమతిపత్రాలు పట్టుకొని బయలుదేరిన యువతీయువకులు గరికపాడు దగ్గర గంటల తరబడి ఆగిపోయారు. ఒకవైపు ఇచ్చిన కాగితం రెండోవైపు చెల్లలేదు.

ఊరిని తల్లిగా, నగరాన్ని సవతితల్లిగా చూపే అలవాటు తెలుగు వలస కవిత్వంలో బలంగా ఉంది. కంప ఆ అలవాటును ఇబ్బంది పెట్టింది. బహుశా అందుకే కవులు దానిని దాటవేశారు. కంప వేసినవారిని దుర్మార్గులుగా చూపితే సరిపోదు. ఆసుపత్రి దూరంగా, ముసలివారు ఎక్కువగా ఉన్న ఊరికి భయం సహజం. కాపలా కూర్చున్నవాడు వచ్చేవాడికి తమ్ముడే కావచ్చు. కథకు కావలసిన ముడి అక్కడుంది.

మనిషిని మనిషి తాకని రోజులు వచ్చాయని వాపోయిన కవితలను మరింత జాగ్రత్తగా చదవాలి. అంటురోగం, అంటరానితనం ఒకే ధాతువు నుంచి వచ్చిన మాటలు. గుఱ్ఱం జాషువ 1941లో ‘గబ్బిలం’ వెలువరించినప్పుడు, మనిషికి ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలం పోగలదన్న వాస్తవమే ఆ సందేశకావ్యానికి ఇరుసు. వాడ ఊరికి వెలుపల ఉన్నవారికి పొలిమేర మీద కంప కొత్త కాదు. దానిని అపూర్వమైన విషాదంగా రాసిన కవి తాను ఊరి లోపలివాడినని తెలియకుండానే చెప్పుకున్నాడు.

చంద్లాపూర్ నీరు అక్కడే ఆగలేదు. రంగనాయక సాగర్ నుంచి అది 50 టీఎంసీల మల్లన్నసాగర్‌కు పోతుంది. ఆ జలాశయం కింద వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ వంటి ఊళ్లు మునిగాయి, జనం గజ్వేల్ దగ్గరి కాలనీకి తరలారు. వారి తిరుగుప్రయాణానికి కంప తీసే ఊరు కూడా మిగలలేదు. ముంపు సాహిత్యాన్ని, లాక్‌డౌన్ సాహిత్యాన్ని వేర్వేరు గదుల్లో పెట్టి చదివే పద్ధతి ఇలాంటి చోట అక్కరకు రాదు.

పొలిమేర దాటినంత మాత్రాన రాక పూర్తికాలేదనడానికి పత్రికల్లో వచ్చిన ఒక వార్త చాలు. 2021 మేలో నల్గొండ జిల్లాలో ఒక విద్యార్థి, హైదరాబాదు నుంచి ఇంటికి వచ్చాక వ్యాధి సోకి, ఒంటరిగా ఉండటానికి ఇంట్లో గది లేక ఆవరణలోని చెట్టు మీద మంచె కట్టుకొని 11 రోజులు గడిపాడు. కావలసినవి తాడు కట్టిన బకెట్‌తో పైకి లాక్కున్నాడు. పంటను పిట్టల నుంచి కాపాడటానికి కట్టే మంచె మీద కూర్చొని, తన ఇంటిని తన నుంచే కాపలా కాశాడు. కింద ఇల్లు కనబడుతూనే ఉంది.