టేకు ఇంటికి ఒక స్తోత్రం

పచ్చి టేకు నీళ్లలో మునిగిపోతుంది. అందుకే బర్మా అడవుల్లో ఆ చెట్టును వెంటనే నరికేవారు కాదు. మొదలు చుట్టూ బెరడు కోసి, నిలువునా ఎండనిచ్చేవారు. రెండు మూడేళ్లు అలా నిలబడి ప్రాణం వదిలాకే గొడ్డలి పడేది. ఏనుగులు వాగుదాకా లాగితే, వానాకాలపు వరద ఐరావతికి అప్పగిస్తే, దుంగ తేలుతూ రంగూన్ చేరేది. విశాఖ వన్‌టౌన్ సందుల్లో విక్టోరియా రాణి ఏలుబడిలో లేచిన పెంకుటిల్లా, నీ స్తంభాలు మా ఊరు చేరకముందే ఒక చావు చచ్చి, ఒక నదినీ ఒక సముద్రాన్నీ దాటాయి.

అప్పటికి ఇక్కడ ఓడను గట్టుకు ఆనించే రేవు లేదు. ఓడలు దూరంగా లంగరు వేసుకునేవి, సరుకు మసూలా పడవల మీద కెరటాలు దాటి వచ్చేది. మసూలా పడవకు ఇనుప మేకులుండవు. పలకల్ని కొబ్బరి తాడుతో కుడతారు. అల వచ్చి గుద్దితే విరగదు, ఒళ్లు వంచుతుంది. నిన్ను నిలబెట్టిన వడ్రంగి కూడా ఇనుమును పెద్దగా నమ్మలేదు. కుసి చెక్కి గూట్లో దించాడు, కర్ర సీల బిగించాడు. స్తంభం మీద దూలం, దూలం మీద వాసాలు, వాసాల మీద పెంకులు. వానకు ఉబ్బి, ఎండకు తగ్గి, నూరేళ్లు దాటినా ఆ అతుకు మాట మీదే ఉంది.

నీ మండువాలో ఆకాశానికి నాలుగు మూలలు. వాన వస్తే నాలుగు చూరుల నుంచీ ధారలు, కింద వరసగా గంగాళాలు. లోపలంతా మనదే: గడపకు పసుపు, తలుపుకు ఇత్తడి గొళ్లెం, ద్వారబంధం మీద లతలు. వీధివైపు మాత్రం దొరల బంగళా చూసి మోజుపడ్డ రెక్కల కిటికీలు, మేడ వరండాకు కొయ్య కటకటాలు. ఈ రెండు రుచులకూ నీ దగ్గర ఎన్నడూ పేచీ రాలేదు.

లత చెక్కిన ఆ చేతికి వంశం ఉంది. నీకంటే వందేళ్ల ముందే, పద్దెనిమిదో శతాబ్దంలో, ఈ ఊరి పనివాళ్లు నల్లని కర్రలో ఏనుగుదంతం పొదిగి పెట్టెలు, కుర్చీలు చేశారు. అవి ఓడలెక్కి ఇంగ్లండు వెళ్లాయి. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో విశాఖపట్నం పేరుతోనే ఉన్నాయి. పెట్టెకు అద్దాల బీరువా దొరికింది. నీకు చెదల మందు కూడా దొరకడం లేదు.

స్తోత్రం కదా అని అన్నీ కప్పిపెట్టలేను. 1852లో, 1885లో బర్మాను యుద్ధం చేసి మింగిన కంపెనీ, ఆ తర్వాత రాణి సర్కారు, ఆ అడవుల మీద పడ్డ కాలపు కర్ర నీది. నీ అరుగు మీద దారినపోయేవాడికి చోటుండేది, గడప దాటే హక్కు మాత్రం అందరికీ ఉండేది కాదు. వెనక చీకటిగదిలో తెల్లచీర కట్టి బతుకంతా గడిపిన ఆడవాళ్ల నిట్టూర్పులూ నీ వాసాల్లోనే ఇంకాయి.

నువ్వొచ్చిన సముద్రం మీదే మనుషులూ పోయారు. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి రంగూన్ రేవుకు, ధాన్యం మిల్లులకు కూలికి వెళ్లారు. 1942లో జపాన్ సేనలు వచ్చిపడితే ఎందరో అడవుల వెంట కాలినడకన తిరుగుముఖం పట్టారు. ఆ ఏప్రిల్ 6న విశాఖ మీద కూడా బాంబులు పడ్డాయి. 1962లో అక్కడ సైనిక పాలన వచ్చాక ఇంకొందరు సర్వం వదిలి వచ్చేశారు. కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేట వాళ్ల గుర్తే.

1933లో రేవు తెరిచారు. 1971లో ఉక్కు కర్మాగారానికి పునాదిరాయి పడింది. ఉక్కు ఊరని పేరొచ్చాక దూలమంటే ఇనుమేనని మాకు నమ్మకం కుదిరింది. సముద్రపు ఉప్పుగాలికి శ్లాబులోపల ఊచ తుప్పుపట్టి, ఉబ్బి, పెచ్చులు రాలుస్తుంటే ఇప్పుడు తల పైకెత్తి చూస్తున్నాం. టేకు తన నూనెను తన ఒంట్లోనే దాచుకుంటుంది. ఆ గాలి దానికి పాత పరిచయం.

కూల్చేవాళ్లు నిన్ను ఘనపుటడుగుల్లో కొలుస్తారు. ద్వారబంధం ఒక హోటలుకు, స్తంభాలు ఒక రిసార్టుకు. పొయ్యిలోకి పోలేదు, అంతవరకు నయమే. ఏ స్తంభం మీద ఏ దూలం కూర్చుందో, మండువా నీళ్లు ఏ వాలున బయటికి పోయేవో, అవి మాత్రం లారీ ఎక్కవు. పాత కట్టడాలను కాపాడే ఇంటాక్ సంస్థ వాళ్లు పాత ఊళ్లో జరిపే వారసత్వ నడకల్లో జనం టౌన్‌హాలు దగ్గర, కురుపాం మార్కెట్ దగ్గర ఆగుతారు. రాయికి, రాజు పేరుకు మర్యాద తొందరగా దొరుకుతుంది మరి. వాళ్లను పక్క సందులోకి, నీ అరుగు దాకా తీసుకురావాలి, వెంట ఒక పాత వడ్రంగినీ పిలవాలి. ఏ కుసి ఏ గూట్లో దిగిందో ఆయన చూపిస్తాడు, మేం టేపు పట్టుకుని కొలతలు రాసుకుంటాం.