ఆటగాళ్ళను ఆట గురించి అడుగుదాం

జానపద కళాకారులు ఎదురుపడితే మనం అడిగే ప్రశ్నలు దాదాపు ఖాయం. పింఛను వస్తోందా, ఇల్లు మంజూరైందా, పిల్లలెవరైనా నేర్చుకుంటున్నారా. అడగవలసినవే ఇవన్నీ. అక్కడితో మాట ముగిస్తే మాత్రం ఎదుటి మనిషి కష్టాలే మనకు తెలుస్తాయి, పనితనం తెలియకుండా పోతుంది. ఈ ఏడు ఏ ఆట కట్టారు, అందులో ఏం మార్చారు, ఎందుకు మార్చారు అని అడిగి చూడండి. మాట తీరే వేరుగా ఉంటుంది.

బీర్పూర్ వైపు ఊళ్ళలో చిందు బాగోతం ఆడే ఒక మేళంతో ఆ మాటలే మాట్లాడాను. 2016లో మండలమైన బీర్పూర్‌లో గుట్ట మీద లక్ష్మీనరసింహస్వామి కొలువై ఉన్నాడు. గోదావరి ఒడ్డున ధర్మపురిలోనూ ఆ స్వామే. అందుకే కాబోలు, ఈ మేళం కొత్తగా కట్టిన ఆట కూడా ‘చెంచులక్ష్మి’. నరసింహుడు చెంచితను మనువాడే ఈ కథ అందరికీ తెలిసిందే, ఇందులో కొత్తేముందని అడిగాను.

“కథ పాతదే సారూ, కూసునేటోళ్ళు కొత్తోళ్ళు. ఎన్కట తెల్లారేదాంక ఆడితిమి. గిప్పుడు రెండు గంటలల్ల ఒడిశిపోవాలంటరు” అన్నాడు మేళం పెద్ద.

రాత్రంతా సాగే ఆటను రెండు గంటలకు కుదించాలంటే మొదట కోతపడేది ప్రవేశ దరువులకే. ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుని గుడ్డ తెర నిలబెడతారు. వేషం దాని వెనక నిలబడి తానెవరో పాడి చెప్పుకుంటుంది. మద్దెల ఊపందుకుంటుంది. తెర పైన కిరీటం కొన, తెర కింద గజ్జెల కాళ్ళు మాత్రమే కనిపిస్తుంటే ముందు వరుసలో పిల్లలు ఆగలేక లేచి నిలబడతారు. ఆ ఎదురుచూపును తీసేస్తే వేషం వచ్చినా రానట్టే ఉంటుంది. అందుకని నరసింహుడి దరువు, చెంచిత దరువు ఉంచుకున్నారు. స్వామి పెద్ద భార్య ఆదిలక్ష్మి దరువు వదిలేసి, ఆమెను జనంలోంచి రప్పించారు.

ఆ వేషం కట్టే ఆమే ఆ సంగతి విడమరిచి చెప్పింది. ఆడవాళ్ళు కూర్చున్న చోటు నుంచే లేస్తుందట. “మాయన ఇటేమన్న అచ్చిండా అక్కా?” అని ఒక్కొక్కరినే అడుగుతూ నడుస్తుందట. ఎవరో ఒకరు జవాబు చెప్పకుండా ఉండలేరు. “దరువుల నేను చెప్పేటిది ఆళ్ళతోని చెప్పిస్త. ఇగ సవతుల కయ్యం మొదలయ్యేటాల్లకు సగం మంది నా దిక్కే ఉంటరు.”

పోగొట్టుకున్న పాట బదులు ఆమె సంపాదించుకున్నది ప్రేక్షకుల పక్షపాతం. పట్నం రంగస్థలం మీద ఇదే పని చేస్తే దర్శకుడి ప్రతిభ అని రాస్తాం. చిందు వాళ్ళలో ఆడవాళ్ళు ఆడవేషాలే కాదు, మగవేషాలూ కడతారు. 2005లో కన్నుమూసిన నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ రెండింటా పేరు తెచ్చుకుంది. జనగామ జిల్లాకు చెందిన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. పురస్కారం సంగతి ఊరూరా తెలిసింది. ఆయన దరువు ఎట్లా ఎత్తుకుంటాడో, ఎక్కడ ఆపుతాడో ఎంతమందికి తెలుసు?

ఒగ్గు కథ విషయంలోనూ అంతే. సిరిసిల్ల వైపు హన్మాజీపేట అనగానే కవి సినారె గుర్తొస్తారు. ఒగ్గు కథకుడు మిద్దె రాములుదీ ఆ ఊరే. ఒగ్గు కథలో తెర పట్టేవాళ్ళు ఉండరు. భుజం మీది కండువా నెత్తిన కప్పుకుంటే తల్లి, మడిచి చేతుల్లోకి తీసుకుంటే బిడ్డ, తలకు చుడితే రాజు. తల్లి ఏడుపు ఏ మాట దగ్గర ఆగి రాజు గొంతు లేవాలో, ఆ రెంటి నడుమ డోలు ఎన్ని దెబ్బలు పడాలో కథకుడు అప్పటికప్పుడు జనం మొహాలు చూసి తేల్చుకుంటాడు. మల్లన్న కథైనా ఎల్లమ్మ కథైనా ఒకరు చెప్పినట్టు ఇంకొకరు చెప్పకపోవడానికి కారణం అక్కడుంది.

ఇప్పుడు ప్రతి ఆటనూ ఎవరో ఒకరు ఫోన్‌లో పట్టుకుంటున్నారు. మంచిదే. అయితే వీడియోలో ఆట మాత్రమే ఉంటుంది, అది అట్లా ఎందుకు కట్టారన్న ఆలోచన ఉండదు. ఆ ఆలోచన కళాకారుల నోటనే ఉంది. మేళంలో కొత్తగా గజ్జె కట్టే పిల్లలకు పాటతో పాటు ఆ లెక్క కూడా అందాలి. లేకపోతే రేపు ఏది కోయవచ్చో, ఏది ముట్టకూడదో వాళ్ళకు తెలియదు. బళ్ళో పంతుళ్ళు, విలేకరులు, కాలేజీ పిల్లలు, ఎవరైనా సరే, ఆట మర్నాడు పొద్దున వాళ్ళ దగ్గర కూర్చుని అడిగి రాసిపెట్టవచ్చు.

మేళాన్ని పిలిచే ఊరి పెద్దలకూ, సభలకు రప్పించే అధికారులకూ నా మనవి ఒకటుంది. గంటలోనో అరగంటలోనో ముగించమని మీరే తేల్చేయకండి. ఈ ఆట నిండుగా పండాలంటే ఎంతసేపు కావాలని మేళం పెద్దను అడగండి. ఆయన చెప్పినంత సేపు ఇవ్వండి. దానికి తగ్గ డబ్బూ ఇవ్వండి.