‘తీర్పు’ – ‘న్యాయం’: కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
వివాదం ముగియడాన్నే న్యాయం జరగడంగా భావించే ధోరణి నేటి సమాజంలో తరచుగా కనిపిస్తోంది. తీర్పు, న్యాయం అనే మాటల మధ్య ఉన్న అర్థభేదం ఆధారంగా కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథను పరిశీలించి, ఆ భేదాన్ని నిలుపుకోవలసిన అవసరాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: న్యాయం, తీర్పు, తగవు, అప్పు, ‘యజ్ఞం’.

1. ఉపోద్ఘాతం:
1949 నవంబరు 26న ఆమోదం పొందిన భారత రాజ్యాంగ ప్రవేశిక పౌరులకు హామీ ఇచ్చిన విలువల్లో మొదటిది న్యాయం. అది సామాజిక, ఆర్థిక, రాజకీయ న్యాయమని కూడా ప్రవేశిక స్పష్టం చేసింది. వీటిలో ఆర్థిక న్యాయం గ్రామీణ జీవితంలో ఎలాంటి పరీక్షకు గురైందో చూపిన కథ ‘యజ్ఞం’. 1960ల మధ్యకాలంలో వెలువడిన ఈ కథ ముగింపుపై విమర్శకుల మధ్య విస్తృతమైన చర్చ సాగింది. అయితే ఆ ముగింపును అంచనా వేయాలంటే, దానికి దారితీసిన పంచాయతీని ముందుగా పరిశీలించాలి.

2. పదార్థ వివేచన:
అప్పు తీర్చడం, ఆకలి తీర్చడం, తగవు తీర్చడం – ఈ ప్రయోగాలన్నింటిలోనూ ఏదో ఒకటి ముగిసిపోతుంది. ‘తీర్పు’ ఈ క్రియకు సంబంధించిన మాటే. న్యాయానికి ఈ క్రియ సాధారణంగా అతకదు. న్యాయం తీరదు, అది జరగాలి.

‘తగవు’ అనే మాట చరిత్ర కూడా గమనించదగింది. నేడు ఈ మాటకు జగడమనే అర్థమే ప్రచారంలో ఉంది. 1852 నాటి బ్రౌన్ నిఘంటువులో దీనికి న్యాయమనే అర్థం కూడా ఉంది. తగినదేదో చెప్పిన మాటే తగాదాకు పేరైంది.

సంస్కృతంలో ‘న్యాయం’ గౌతముని తర్కదర్శనానికి పేరు. ఆ దర్శనం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగు ప్రమాణాలను అంగీకరిస్తుంది. కనుక ప్రమాణాలతో కూడిన విచారణ న్యాయమనే మాటలోనే ఇమిడి ఉంది.

3. పంచాయతీ – విచారణ పరిధి:
సుందరపాలెం గ్రామంలో దళితుడైన అప్పల్రాముడు షావుకారు గోపన్నకు బాకీపడతాడు. ఆ తగవును తీర్చేందుకు శ్రీరాములునాయుడి పెద్దరికంలో పంచాయతీ జరుగుతుంది. రచయిత గోపన్నను క్రూరుడిగా గానీ, నాయుడిని కుటిలుడిగా గానీ చిత్రించలేదు. ఊరి బాగు కోసం పాటుపడిన పెద్దమనిషిగా నాయుడికి గౌరవం ఉంది. దుర్మార్గుడు చేసిన అన్యాయమైతే దాన్ని గుర్తించడం తేలిక. మంచివారు పద్ధతి ప్రకారం చేసిన అన్యాయాన్ని గుర్తించడం కష్టం. కథ బలమంతా ఇక్కడే ఉంది.

పంచాయతీ దృష్టిలో ప్రధానమైన ప్రశ్న ఒక్కటే: అప్పు తీసుకున్నది నిజమా, కాదా? అప్పల్రాముడు కాదనలేడు. ఆ ప్రశ్నకు అదే సరైన జవాబు. కానీ ఒళ్లు వంచి పనిచేసిన కుటుంబం అప్పులపాలు ఎందుకైంది, ఊరు సాధించిన అభివృద్ధిలో దానికి దక్కిందేమిటి అన్న ప్రశ్నలు లెక్కలోకి రావు. పంచాయతీ వదిలేసిన ఈ విచారణను కథనం చేపడుతుంది. ఈ కథలో పంచాయతీది తీర్పు, కథనానిది న్యాయవిచారణ.

4. సీతారాముడి చర్య:
అప్పల్రాముడి కొడుకు సీతారాముడు ఈ లోపాన్ని పసిగడతాడు. తన కొడుకు రేపు మరొకరి ఇంట బానిసబతుకు బతకకూడదని ఆ పసివాడిని తానే చంపేస్తాడు. దీన్ని తిరుగుబాటుగా మాత్రమే చదివితే ఒక ముఖ్యమైన విషయం మరుగున పడుతుంది. పంచాయతీ అప్పును తీర్చి సమస్య ముగిసిందనుకుంది. సీతారాముడు అప్పుకు వారసుణ్ణి లేకుండా చేసి సమస్యను ముగించాడు. రెండూ ‘తీర్చడాలే’. రెండింటిలోనూ ఆ శిశువు బతికే హక్కుకు చోటు లేదు. అన్యాయాన్ని స్పష్టంగా చూసినవాడు చేసిన పని కూడా న్యాయం కాలేకపోవడమే ఈ కథలోని విషాదం. రచయిత దానికి న్యాయమని పేరు పెట్టలేదు, ‘యజ్ఞం’ అన్నాడు. యజ్ఞంలో బలి ఉంటుంది, బలిపశువుకు మాట ఉండదు.

5. నేటి ప్రాసంగికత:
1976లో పార్లమెంటు చేసిన వెట్టిచాకిరీ వ్యవస్థ రద్దు చట్టం, వెట్టికి మూలమైన అప్పును తీర్చవలసిన బాధ్యతనే రద్దు చేసింది. అప్పల్రాముడి బాకీకి దీన్ని నేరుగా వర్తింపజేయలేకపోవచ్చు. అయినా అప్పు నిజమైనంత మాత్రాన దాన్ని రాబట్టడం న్యాయం కాదన్న సూత్రాన్ని చట్టం అంగీకరించింది.

ఈ భేదం అప్పులకే పరిమితం కాదు. 2019 డిసెంబరు 6న హైదరాబాదు సమీపంలోని చటాన్‌పల్లి వద్ద, యువ వైద్యురాలిపై అత్యాచారం, హత్య కేసులో నిందితులైన నలుగురు పోలీసు కాల్పుల్లో మరణించారు. అనేకులు న్యాయం జరిగిందని హర్షించారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో వెల్లడైన తన నివేదికలో పోలీసుల ఎదురుకాల్పుల కథనాన్ని తోసిపుచ్చింది. బాధితురాలికి జరిగిన ఘోరం పట్ల ప్రజల ఆగ్రహం సహజమే. కానీ నిందితుల మరణంతో నేరవిచారణ జరిగే అవకాశమే పోయింది. ప్రమాణాలతో సత్యం తేలవలసిన చోట ముగింపు మాత్రమే మిగిలింది. దానికే న్యాయమని పేరు వచ్చింది.

6. ముగింపు:
తీర్పు అవసరమే, అది లేనిదే వివాదాలకు అంతు ఉండదు. అయితే తీర్పును న్యాయమనే ప్రమాణంతో ప్రశ్నించే వీలుండాలి. రెండు మాటలకూ అర్థం ఒక్కటైపోతే, తీర్పు తప్పని చెప్పడానికి మాటే మిగలదు. ‘తగవు’ తన పాత అర్థాన్ని దాదాపు కోల్పోయింది. ‘న్యాయం’ విషయంలోనూ అదే జరగకూడదు. పంచాయతీ ముగిశాక కూడా విచారణ ముగియలేదని గుర్తుచేసే కథగా ‘యజ్ఞం’కు నేటికీ ప్రాసంగికత ఉంది.