మూసుకోని వాల్వు

వాల్వు తెరుచుకోకపోతే ఆ పూటే తెలిసిపోతుంది. మొక్క తలవాలుస్తుంది, రైతు కేకేస్తాడు, ఎవరో ఒకరు పానా పట్టుకుని వస్తారు. మూసుకోకపోతే మాత్రం నెలలు గడిచినా ఎవరికీ పట్టదు. నీళ్లు పారుతూనే ఉంటాయి కదా, పారే నీళ్ల మీద ఎవరికి అనుమానం? ఝరాసంగం చుట్టుపక్కల పొలాల్లో డ్రిప్ రిపేర్లు చూసుకునే నాకు ఈ రెండో జబ్బంటేనే భయం. అల్లం దుంప ఊరే రోజులివి కాబట్టి ఈ వారం దాని గురించే రాస్తున్నాను.

కేతకీ సంగమేశ్వరుడి గుండం దగ్గర స్నానం చేసి వెళ్లే యాత్రికులకు మాది నీళ్ల ఊరిలా కనిపించవచ్చు. గుడి దాటి నాలుగడుగులు పొలాల్లోకి వెళితే ఎర్రమట్టి, మొరం, బోర్లు. ఆ స్వామి పేరే పెట్టిన సంగమేశ్వర ఎత్తిపోతల పథకానికి 2022 ఫిబ్రవరిలో నారాయణఖేడ్‌లో శంకుస్థాపన చేశారు. సింగూరు నీళ్లను ఎత్తి ఇక్కడి పొలాలకు పారించాలన్నది సంకల్పం. ఆ నీళ్లు వచ్చేదాకా చెరకుకైనా, అల్లానికైనా, ఆలుగడ్డకైనా బోరే దిక్కు. బోరు నీళ్లను ఆచితూచి వాడాలంటే డ్రిప్పే గతి. ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మసేద్యం ప్రాజెక్టు 2003లో మొదలైంది. తెలంగాణ వచ్చాక ఎస్సీ, ఎస్టీ రైతులకు నూటికి నూరు శాతం, బీసీలకూ సన్న, చిన్నకారు రైతులకూ 90 శాతం, మిగిలినవాళ్లకు 80 శాతం సబ్సిడీ అన్నారు. అలా పైపులు పొలాల్లోకి వచ్చాయి, వాటి వెంట వాల్వులూ వచ్చాయి. చాలాచోట్ల చేత్తో తిప్పే బాల్ వాల్వులే. పాలీహౌస్ వేసినవాళ్లూ, అల్లాన్ని మడులుగా విడగొట్టి టైమరు మీద తడిపేవాళ్లూ సోలనాయిడ్ వాల్వులు పెట్టుకున్నారు. జాతీయ రహదారి 65 పొడుగునా ఫంక్షన్ హాళ్ల లాన్లలో మట్టి కింద ఉండేవీ ఇవే.

ఆ మధ్య ఒక పెద్దాయన నుంచి కబురొచ్చింది. వెళ్లేసరికి గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

“బోరు ఎనుకవడ్డది తమ్మీ. రెండో మడికి నీళ్లు ఎక్కుతనే లేవు. బోరు బండికి చెప్పిన, ఎల్లుండొస్తది. కొత్త బోరు కాడికెల్లి పైపులైన్‌కు ఎంతైతదో జర లెక్క జెప్పు.”

“లెక్క తర్వాత చెప్త కాకా, ముందుగాల మోటరు ఎయ్యి” అన్నాను.

రెండో మడి వంతు అది. లాటరల్ పైపుల్లోంచి చుక్క కూడా సరిగా రాలటం లేదు. నేను మొదటి మడిలోకి నడిచి అక్కడి పైపును బొటనవేలితో నొక్కాను. దాని వంతు అయిపోయింది కాబట్టి పైపు మెత్తగా అణగాలి. అణగలేదు. గాలి నిండిన సైకిల్ ట్యూబులా బిగుసుకుని ఉంది. అంటే రెండో మడికి పోవాల్సిన నీళ్లలో సగం ఇటే వస్తున్నాయి. బోరు ఎక్కడికీ పోలేదు. మొదటి మడి వాల్వు మూసుకోవటం లేదు, అంతే. మూత విప్పితే లోపలి చిన్న రంధ్రంలో పీవీసీ పొట్టు ఒకటి ఇరుక్కుని ఉంది. పైపు కోసినప్పుడు రాలిన పొట్టు అది, గోరు చివరంత కూడా లేదు. దాన్ని కడిగేసి మూత బిగించాక రెండో మడిలో చుక్కలు వరస కట్టాయి. పెద్దాయన అక్కడే నిలబడి బోరు బండివాళ్లకు ఫోన్ చేసి రావద్దన్నాడు.

మా దగ్గర బోరు వేయటమంటే అప్పు చేయటమే. పడుతుందో పడదో తెలియని బోరు కోసం తాకట్టు పెట్టిన బంగారం ఈ మండలంలో ఎంతుందో ఎవరూ లెక్క కట్టలేదు. అందుకే నీళ్లు తగ్గాయని ఎవరు చెప్పినా నేను ముందు అడిగేది ఒక్కటే: నీళ్లు అందని మడి సంగతి సరే, వంతు అయిపోయిన మడిలో పైపు మెత్తబడుతోందా?

ఈ వాల్వు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే సగం రిపేరు అయిపోయినట్టే. సోలనాయిడ్ అనే చుట్టే వాల్వును తెరిచి మూస్తుందని చాలామంది అనుకుంటారు. దానికి అంత బలం ఎక్కడిది? 24 వోల్టులతో ఒక చిన్న ఇనుప పుల్లను పైకి లాగటమే దాని పని. వాల్వును మూసి ఉంచేది నీళ్లే. లోపల డయాఫ్రం అనే రబ్బరు పొర ఉంటుంది. మెయిన్ పైపులోంచి వచ్చే నీళ్లు ఒక సన్నటి రంధ్రం గుండా ఆ పొర పైనున్న గదిలోకి చేరతాయి. పొరకు కింద కన్నా పైన నీళ్లు నొక్కే జాగా ఎక్కువ. ఒత్తిడి అదే అయినా జాగా ఎక్కువ కావటంతో పైనున్న నీళ్లదే పైచేయి అవుతుంది, పొర కిందికి అదిమి కూర్చుంటుంది. స్ప్రింగు కాస్త తోడు పడుతుంది. కరెంటు వచ్చి పుల్ల లేచిందంటే పై గదిలోని నీళ్లు ఇంకో దారిన బయటికి జారిపోతాయి, బరువు తగ్గిన పొర లేస్తుంది, మడికి నీళ్లు పోతాయి.

కాబట్టి వాల్వు మూసుకోలేదంటే పై గది నిండటం లేదన్నా అయి ఉండాలి, నిండినా నిలవటం లేదన్నా అయి ఉండాలి. రెండూ కాకపోతే పొర కూర్చునే చోట రాయో పుల్లో అడ్డం పడిందన్నమాట. నేను వెతికేదంతా ఈ మూడు చోట్లే.

ముందు కంట్రోలరు నుంచి వాల్వుకు వచ్చే తీగ విప్పి ఒక నిమిషం ఆగుతాను. నీళ్లు ఆగాయంటే వాల్వు నిక్షేపంగా ఉంది, తప్పు కంట్రోలరులో ఉంది. రెండో ప్రోగ్రాంలో ఎవరో పెట్టి మరిచిపోయిన టైమే చాలాసార్లు దొరుకుతుంది. ఆగలేదంటే వాల్వు దగ్గర కూర్చోవాల్సిందే. పై గదిలోని నీళ్లను చేత్తో వదలటానికి ఉండే బ్లీడ్ స్క్రూ వదులుగా ఉందేమో చూడాలి. చేత్తో తెరిచి మళ్లీ బిగించనివాళ్లు ఉంటారు. సోలనాయిడ్ మర గట్టిగా ఉందేమో చూడాలి. ఆ తర్వాత మోటరు ఆపి సోలనాయిడ్ విప్పితే పుల్ల అడుగున ఇసుక రేణువు కనిపించవచ్చు. ఆ ఒక్క రేణువు చాలు, పై గదిలో నీళ్లు నిలవవు.

అప్పటికీ తేలకపోతే మూత తీయాలి. మరలను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా విప్పాలి, బిగించేటప్పుడూ అంతే. ఒకవైపే బిగిస్తే పొర మడత పడుతుంది. డయాఫ్రంను తీసి సూర్యుడి వైపు ఎత్తి పట్టుకోండి. సూదిమొనంత చిరుగు ఉన్నా వెలుతురు పట్టిస్తుంది. చిరిగిన పొరకు అతుకులు పనికిరావు, మార్చాల్సిందే. రంధ్రం పూడుకుపోతే మంచినీళ్లతో కడగండి, నోటితో ఊదండి, పిన్నీసు మాత్రం పెట్టొద్దు. రంధ్రం పెద్దదయిందంటే పై గదిలోంచి నీళ్లు పోయినంత వేగంగానూ లోపలికి వచ్చేస్తాయి, ఈసారి వాల్వు తెరుచుకోవటమే మానేస్తుంది. కొత్తగా పెట్టిన వాల్వు మొదటి రోజు నుంచే మూసుకోకపోతే మూత విప్పే పని లేదు, ఒంటి మీద బాణం గుర్తు ఎటు ఉందో చూస్తే చాలు. చిన్న మడికి మరీ పెద్ద వాల్వు పెట్టినా సరిగా మూసుకోకపోవచ్చు. దానిలోంచి కనీసం ఇంత నీరు పారాలన్న లెక్క ప్రతి వాల్వుకూ ఉంటుంది.

లాన్ల దగ్గర ఒక్క జాగ్రత్త. వాల్వు మూసుకున్నాక కూడా అన్నిటికన్నా పల్లంలో ఉన్న స్ప్రింక్లరు నుంచి కాసేపు నీళ్లు కారతాయి. పైపులో మిగిలిన నీళ్లు అవి. గంట తర్వాత వెళ్లినా కారుతుంటే అప్పుడు వాల్వును అనుమానించాలి. తొందరపడి మంచి వాల్వును తవ్వి తీసినవాళ్లను చూశాను.

ఊళ్లో ఇంటికైనా లాన్‌కైనా బిల్లు ఉంటుంది. నీళ్లు వృథా అయితే నెల తిరిగేసరికి ఏదో ఒక కాగితం చెబుతుంది. పొలానికి అలాంటి కాగితం లేదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటలూ ఉచితంగా కరెంటు ఇస్తున్నారు. రాత్రిపూట పాములకూ తేళ్లకూ భయపడుతూ మోటరు వేయటానికి పోయిన రోజులు నాకు గుర్తున్నాయి, ఆ బాధ తప్పినందుకు సంతోషించే వాణ్ణే. కానీ కరెంటు రాగానే మోటరును వాటంతటవే నడిపే పాత ఆటో స్టార్టర్లు ఇంకా కొన్ని మోటర్లకు వేలాడుతూనే ఉన్నాయి. ఆటో స్టార్టరు ఉన్న మోటరు, మూసుకోని వాల్వు ఒకే పొలంలో కలిశాయా, ఇక నీళ్లకు అడ్డూ ఆపూ ఉండదు. నిమిషానికి 15 లీటర్ల బిందె చొప్పున కారినా గంటకు 900 లీటర్లు, మోటరు పది గంటలు నడిస్తే 9,000 లీటర్లు. ఇదంతా భూమి అడుగు నుంచి తోడిన నీరు.

నీళ్లు పోతే పోయాయనుకుందామన్నా అల్లం ఊరుకోదు. వాల్వు కొంచెమే కారుతున్నప్పుడు ఆ నీళ్లు మడి అంతా పారవు, పల్లం మూలకు చేరి అక్కడే కారతాయి. మిగతా బెడ్లు ఎండి తెల్లబారినా ఆ మూల మట్టి నల్లగా, చల్లగా ఉంటుంది. కొన్నాళ్లకు అక్కడి మొక్కల్లో కింది ఆకులు పసుపెక్కుతాయి. కాండం పట్టుకుని కొంచెం లాగితే చాలు, దుంపను అక్కడే వదిలి చేతికి ఊడి వస్తుంది. మొదలు మెత్తబడి ఉంటుంది, వాసన కొడుతుంది. దుంపకుళ్లు. మూలలో మొదలై పారే నీటి వెంట పక్క బెడ్లకు పాకుతుంది. రైతు మందుల దుకాణానికి పరుగెత్తి చెప్పిన మందల్లా పోస్తాడు. మందు పోసినా పోయకపోయినా ముందు ఆ మూలకు నీళ్లు ఆగాలి. ఎనిమిది, తొమ్మిది నెలలు కనిపెట్టుకుని ఉండాల్సిన పంట అది. విత్తన దుంపకే చేతిలో ఉన్నదంతా అయిపోతుంది. అరచేతిలో పట్టే రబ్బరు పొర వల్ల అదంతా కుళ్లిపోవటం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

రాకుండా చూసుకోవటం పెద్ద పని కాదు. ఇసుక పోసే బోరుకు సాండ్ సెపరేటరు, దాని వెనక జాలి ఫిల్టరు ఉండాలి, ఫిల్టరును కడుగుతూ ఉండాలి. పైపు కోసి అతికించిన ప్రతిసారీ చివరి మూతలు విప్పి పొట్టంతా బయటికి పోయేదాకా నీళ్లు వదలాలి. కాల్షియం నైట్రేటును, భాస్వరం ఎరువును ఒకే డ్రమ్ములో కలపకూడదు, కలిపితే తెల్లటి మడ్డి పేరుకుని డ్రిప్పర్లలోనూ వాల్వు రంధ్రాల్లోనూ దిగుతుంది.

సబ్సిడీ మీద సామాను ఇచ్చేటప్పుడు ఎలా బిగించాలో చూపిస్తారు, ఎలా విప్పాలో ఎవరూ చూపించరు. ఇక్కడే నాకు అసంతృప్తి. దిడిగిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, క్లస్టరుకో రైతు వేదిక ఉంది. అల్లం నాటే ముందు ఒక్క పూట ఒక పాత వాల్వును బల్ల మీద పెట్టి, వచ్చిన ప్రతి రైతు చేతా విప్పించి, కడిగించి, మళ్లీ బిగింపజేస్తే చాలు. ఆడవాళ్లను తప్పకుండా పిలవాలి. మడుల్లో ఎక్కువసేపు ఉండేది వాళ్లు, పల్లం మూల తడిని ముందు చూసేదీ వాళ్లే. మాచ్నూరులో 2008లో మొదలైన సంఘం రేడియోను నడిపిందీ మా పల్లెల ఆడవాళ్లే. వానాకాలానికి ముందు ఆ రేడియోలో పది నిమిషాలు ఈ ముచ్చట పెట్టాలని అడగబోతున్నాను. వంతు అయిపోయిన మడిలో పైపును నొక్కి చూడండి, అణగకపోతే బోరు బండికి ఫోన్ చేయకండి, ముందు వాల్వు విప్పండి అని చెప్పాలి. మా అమ్మలక్కలు చెబితే, నేను కాలమ్‌లో రాసినదాని కన్నా ఎక్కువ పొలాలకు చేరుతుంది.