ఇద్దరు కోచ్‌ల చిత్రం: 'మూనీ వర్సెస్ ఫౌల్'

డాక్యుమెంటరీ అనగానే మా తరానికి సినిమాహాలులో అసలు బొమ్మకు ముందు వేసిన ఫిల్మ్స్ డివిజన్ చిత్రాలే గుర్తుకు వస్తాయి. తెరమీద బొమ్మ ఏదైనా, వ్యాఖ్యాత గొంతు మాత్రం ఆగేది కాదు. ఆ గొంతును వీలైనంత తగ్గించి, జరిగేదాన్ని జరుగుతుండగానే పట్టుకోవాలని బయలుదేరినవారిలో అమెరికాకు చెందిన రాబర్ట్ డ్రూ ముఖ్యుడు. 'లైఫ్' పత్రికలో పనిచేసి వచ్చిన ఆయనకూ, ఆయన బృందానికీ 1960లో కెన్నెడీ, హంఫ్రీల ఎన్నికల పోటీమీద తీసిన 'ప్రైమరీ' పేరు తెచ్చిపెట్టింది. భుజాన మోసుకుపోగల 16 మి.మీ. కెమెరా, దానితోపాటు నడిచే టేపు రికార్డరు లేకపోతే ఈ పద్ధతే లేదు.

1961 నాటి 'మూనీ వర్సెస్ ఫౌల్' ఆ బృందంలోని జేమ్స్ లిప్స్‌కమ్ తీసినది. 'ఫుట్‌బాల్' అనే పేరుతోనూ ఇది చలామణిలో ఉంది. ఫ్లోరిడాలోని మయామీ నగరంలో మయామీ హైస్కూలుకూ ఎడిసన్ హైస్కూలుకూ మధ్య ఏటా జరిగే ఆట దీని వస్తువు. ఇక్కడి ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. కోలబంతిని చేతబట్టుకుని ఎదుటివారిని గుద్దుకుంటూ పరుగెత్తే అమెరికన్ ఆట. నియమాలు తెలియకపోయినా చిత్రం అర్థమవుతుంది. ఆ మాటకు వస్తే, నియమాలు తెలియనివారికే ముఖాలు బాగా కనిపిస్తాయేమో!

పేరును గమనించండి. పోటీపడేది రెండు బడులు, దెబ్బలు తినేది పిల్లలు, పేరు మాత్రం కోచ్‌లది. మయామీ హైస్కూలు కోచ్ మూనీ, ఎడిసన్ కోచ్ ఫౌల్. మా దృష్టిలో ఈ చిత్రం చేసిన తెలివైన పని ఇదే. పదహారు పదిహేడేళ్ల కుర్రవాళ్లు ఆరెంజ్ బౌల్ వంటి మహా స్టేడియంలో ఊరంతటి పరువును నెత్తిన మోస్తూ దిగుతుంటే, ఆ బరువును వాళ్ల నెత్తికెత్తిన పెద్దలెవరని అడిగిన చిత్రం ఇది. ఆటగాడు ఏడాదో రెండేళ్లో ఆడి వెళ్లిపోతాడు. కోచ్‌కు అదే జీతం, అదే పేరు, వచ్చే ఏడాది కూడా అదే పరీక్ష.

అయితే మాకొక అసంతృప్తి ఉంది. డ్రూ బృందం చిత్రాలు సాధారణంగా ఒక సంకట ఘట్టం చుట్టూ అల్లుకుంటాయని స్టీఫెన్ మాంబర్ 1974లో వెలువడిన తన గ్రంథంలో చర్చించాడు. గెలుస్తాడా ఓడుతాడా, బతుకుతాడా చస్తాడా అన్న ప్రశ్న ప్రేక్షకుణ్ణి చివరిదాకా కూర్చోబెడుతుంది. మరణశిక్ష పడిన పాల్ క్రంప్ కథ 'ది చెయిర్' (1962)లో ఆ బిగువు న్యాయమైనదే. కానీ బడిపిల్లల ఆటకూ అదే బిగువా? పోటీని ప్రశ్నించవలసిన కెమెరా తానే పోటీలో చిక్కుకుని, ఎవరు గెలుస్తారా అని మనతోపాటు ఎదురుచూస్తుంది. (గెలిచిందెవరో ఇక్కడ చెప్పము, చూడబోయేవారి ఉత్సాహం చెడగొట్టడమెందుకు.)

ఇటూ అటూ అని ఇద్దరినే చూపే అల్లికకు మరో లోపం కూడా ఉంది: మూడోవాడికి చోటుండదు. ఆనాటికి మయామీ బడులలో వర్ణవిభజన ఇంకా తొలగలేదు. నల్లజాతి పిల్లలకు ఓవర్‌టౌన్‌లో బుకర్ టి. వాషింగ్టన్ హైస్కూలు వేరే ఉండేది. ఊరి ఆట అన్నప్పుడు ఆ ఊరిలో ఎవరెవరు లెక్కకు వచ్చారన్న ప్రశ్న ఇద్దరు కోచ్‌ల మధ్య చూపు తిప్పుతున్నంతసేపూ పుట్టదు.

'లివింగ్ కెమెరా' అనే ఇదే వరుసలో 1962 నాటి 'నెహ్రూ' కూడా ఉన్నదని మన విద్యార్థులలో చాలామందికి తెలియదు. గ్రెగరీ షూకర్, హోప్ రైడెన్ దాన్ని ఎన్నికల కాలంలో తీశారు. వీలైతే రెండింటినీ వెంటవెంటనే చూడండి. మయామీలో సమ ఉజ్జీలు సిద్ధంగా దొరికారు. ఇక్కడ నెహ్రూకు ఎదురుగా నిలబెట్టడానికి ఫౌల్ వంటివాడు లేడు, గడియారం చూసి ఊదే ఈలా లేదు.